ఫుల్ బెంచ్ కచేరీ: చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై పాట

గాయకుడి పక్కన ఒక వయొలిన్, ఒక మృదంగం, వీలైతే ఒక ఘటం. ఇప్పటి కర్ణాటక సంగీత కచేరీలో వేదిక మీద సాధారణంగా కనిపించేది ఇంతే. నూరేళ్ల కిందట ఇదే కచేరీకి ఇంకో రూపం ఉండేది. వయొలిన్, మృదంగాలకు తోడు కంజీర, ఘటం, మోర్సింగ్, డోలక్, నోటితో జతులు పలికే కొన్నక్కోల్ విద్వాంసుడు, అందరూ ఒకే వేదిక మీద గాయకుడి చుట్టూ కూర్చునేవారు. దీనికి ఫుల్ బెంచ్ కచేరీ అని పేరు. దక్షిణాదిలో ఆరుబయట వేల మంది ముందు నిలబడగలిగిన శాస్త్రీయ సంగీత బృందాల్లో ఇదొకటి. ఈ బాణీని చివరి దాకా మోసిన పెద్ద గాయకుల్లో ఒకరు చిత్తూరు సీమవారు. ఆయన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై. తెలుగువాళ్లు మళ్లీ చెవి పెట్టి వినాల్సిన పేరు అది.

ఈ బాణీని ఒక స్థాయికి తెచ్చినవారు కాంచీపురం నాయనా పిళ్ళై (1889–1934). త్యాగరాజ కృతులను ఏరి కోరి నేర్చుకుని, కంచిలో ఏటా త్యాగరాజ ఉత్సవం జరిపించిన విద్వాంసుడు ఆయన. లయ మీద ఆయనకున్న పట్టు వల్ల పేరున్న తాళవాద్య విద్వాంసులు ఆయన కచేరీలో కూర్చోవడం గౌరవంగా భావించేవారు. కంజీరలో, మృదంగంలో సాటిలేనివారని పేరు పొందిన పుదుక్కోట దక్షిణామూర్తి పిళ్ళై వారిలో ఒకరు. మైకులు లేని రోజుల్లో ఇంతమంది వాద్యాల మధ్య గాయకుడి గొంతు చివరి వరుస దాకా వినిపించాలంటే శ్రుతి శుద్ధి, ఊపిరి, ధైర్యం మూడూ కావాలి. నాయనా పిళ్ళై గొంతు రికార్డుల్లో మిగలలేదు. మిగిలింది శిష్యుల పాటలోనే. వీణ ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్తలు ఆయన దగ్గర నేర్చుకున్నారు. కంచిలో పెరిగిన డి.కె. పట్టమ్మాళ్ ఆయన కచేరీలు వింటూ పల్లవి పాడడం మీద మనసు పెంచుకున్నారు. ఫుల్ బెంచ్ బాణీని నిండుగా అందిపుచ్చుకున్నవారు మాత్రం సుబ్రహ్మణ్య పిళ్ళై.

ఆయన 1898లో పుంగనూరులో పుట్టారు. అప్పటికింకా చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడింది. ఇంట్లోనే సంగీతం ఉంది. తర్వాత కంచికి వెళ్లి నాయనా పిళ్ళై దగ్గర గురుకులవాసం చేశారు. అప్పట్లో చిత్తూరు, కంచి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. తెలుగు ఇంటి కుర్రాడు తమిళ గురువు దగ్గర తెలుగు కృతులు నేర్చుకోవడం ఆ సరిహద్దు సీమలో ఎవరికీ వింత కాదు. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 1975లో ఆయన కన్నుమూశారు.

ఫుల్ బెంచ్ గొప్పతనం పల్లవి దగ్గర తెలుస్తుంది. పల్లవి అంటే ఒక్క వాక్యం. దాన్ని తాళంలో ఒక చోట ఎత్తుకుని, ఒక చోట విరామమిచ్చి, మళ్లీ ఎత్తుగడకు చేర్చాలి. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు. మామూలు చతురశ్ర నడకలో ఒక్కో అక్షరానికి నాలుగు మాత్రలు, అంటే ఆవర్తానికి 32. తిశ్రానికి మారితే 24, ఖండానికి మారితే 40, మిశ్రంలో 56. చేతి మీద తాళం కదలదు, లోపలి లెక్క మారిపోతుంది. మొదట పల్లవిని ఒక కాలంలో పాడి, రెండింతలు చేసి, నాలుగింతలు చేసి, మళ్లీ వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తుగడ ఎప్పుడూ ఒకే చోట పడాలి. మాట విరగకూడదు, రాగం చెదరకూడదు. పక్కన అయిదారుగురు లయ ఉద్దండులు ప్రతి అడుగూ కనిపెట్టి ఉంటారు. గాయకుడు ఒక కొత్త ముక్తాయింపు వేస్తే అది అక్కడికక్కడ కంజీర మీద మోగుతుంది, ఘటం మీద మోగుతుంది.

ఆ తర్వాత తని ఆవర్తనం. గాయకుడు తాళం వేస్తూ కూర్చుంటాడు. మృదంగం ఎనిమిది ఆవర్తాలు వాయిస్తే కంజీర ఎనిమిదీ అందుకుంటుంది, ఆపైన ఘటం, మోర్సింగ్, కొన్నక్కోల్. మళ్లీ వంతు వస్తుంది. ఈసారి తలా నాలుగు ఆవర్తాలు. ఆపైన రెండు, ఒకటి, అర. వంతు కురచైనకొద్దీ వేడి పెరుగుతుంది. చివరికి అన్ని వాద్యాలూ ఒక్కటై ముమ్మారు ముక్తాయించి, పల్లవి ఎత్తుగడ మీద దిగుతాయి. ఉడుము చర్మం బిగించిన కంజీర మీద విద్వాంసుడు నీళ్లు చిలకరించి గుమికి అనే మంద్ర నాదం తెచ్చుకోవడం, కొన్నక్కోల్ గొంతు చివర్లో మృదంగం పాటాక్షరాలను దాటిపోవడం, ఇవన్నీ సంగీతం తెలియనివాణ్ని కూడా కూర్చోబెట్టే దృశ్యాలు. జాతర డప్పుకు ఒళ్లు పులకరించే తిరుపతి, చిత్తూరు జనానికి ఈ ఉత్సాహాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

లయలో ఉద్దండుడు అన్న పేరు సుబ్రహ్మణ్య పిళ్ళైకి మేలూ చేసింది, కీడూ చేసింది. ఆయన పాట అంటే లెక్కల పాట అనుకుని సామాన్య శ్రోత దూరంగా నిలిచాడు. అది సరికాదనడానికి 'మధురా నగరిలో' ఒక్కటి చాలు. ఆనందభైరవి రాగం. మధురలో చల్ల అమ్ముకోవడానికి పోతున్న గొల్లభామ, దారికి అడ్డం నిలిచిన కృష్ణుణ్ని తప్పుకోమని బతిమాలుతుంది. ఆయన గ్రామఫోన్ రికార్డు ద్వారా ఈ పాట ఇంటింటికీ చేరింది. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త పైన. గంటల కొద్దీ పల్లవి విస్తరించే గాయకుడు ఆ కాస్త చోటులో రాగాన్ని మెత్తగా జార్చి, మాటను స్పష్టంగా పలికి, బతిమాలడంలోని చిలిపితనాన్ని నిలిపారు. ఈనాటికీ నాట్య ప్రదర్శనల్లో, పెళ్లిళ్లలో, భజనల్లో ఆ పాట వినిపిస్తూనే ఉంది. పాట అందరి నోటా ఉంది, దాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన గాయకుడి పేరు కొద్దిమందికే తెలుసు.

ఈ బాణీ డెబ్బయ్యవ దశకంలో జనసముద్రం ముందు నిలిచింది ఆయన శిష్యుడు మదురై సోము ద్వారా. 1919లో పుట్టిన సోము ఏళ్ల తరబడి గురువు దగ్గర ఉండి నేర్చుకున్నారు. తమిళనాడులో ఆలయ ఉత్సవాలకు ఆయన కచేరీ పెడితే రాత్రి మొదలైనది తెల్లవారుజాము దాకా సాగేది. చుట్టూ తాళవాద్యాలు, ఎదుట నేల మీద జనం. 1972లో వచ్చిన 'దైవం' అనే తమిళ చిత్రంలో కున్నక్కుడి వైద్యనాథన్ సంగీతంలో ఆయన పాడిన 'మరుదమలై మామణియే' ఊరూరా మోగింది. 1976లో పద్మశ్రీ వచ్చింది. అయినా సంగీత కళానిధి బిరుదు మాత్రం ఆయనను వరించలేదు. జనం నెత్తిన పెట్టుకున్న ఆ గొంతు వెనక ఉన్న శిక్షణ పుంగనూరు పిళ్ళైది.

ఇంతటి బాణీ పక్కకు జరగడానికి కారణాలు ఉన్నాయి. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచిన కచేరీ పద్ధతిలో ఎక్కువ కృతులు, తక్కువ పల్లవి, అన్నిటికీ కొలత ప్రకారం సమయం. ఆ పద్ధతి సభలకు నచ్చింది, నిలిచింది. మైకు వచ్చాక చిన్న గొంతూ పెద్ద హాలుకు సరిపోయింది. కానీ ఏడెనిమిది మంది వాద్యాలను సమతూకంలో వినిపించడం మైకుకు కష్టమైంది. కచేరీ రెండున్నర గంటలకు కుదించుకుపోయాక తని ఆవర్తనంలో అయిదుగురికి వంతులు పంచే వీలు లేకపోయింది. అంతమందికి పారితోషికం ఇవ్వడం కూడా చిన్న సభలకు తలకు మించిన పని. వీటన్నిటికీ తోడు సరిహద్దు. పిళ్ళై అన్న పేరు చూసి తెలుగువాళ్లు సుబ్రహ్మణ్య పిళ్ళైని తమిళుడిగా లెక్కేశారు. చిత్తూరు అన్న ఊరి పేరు చూసి తమిళులు తెలుగువాడన్నారు. ఎవరూ పూర్తిగా తమవాడని చెప్పుకోలేదు.

ఆయన పోయిన మూడేళ్లకు, 1978లో, తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. రాగిరేకుల్లో ఉన్న సంకీర్తనలకు స్వరాలు కట్టించి, పాడించి, రికార్డులు వేయించి, శతాబ్దాల మరుపును తుడిచింది. సంకల్పం ఉంటే మరుగున పడ్డ సంగీతం జనంలోకి ఎంత వేగంగా వస్తుందో తిరుపతి చూపించింది. ఆ శ్రద్ధలో కొంత ఈ సీమ బిడ్డకూ దక్కాలి. తిరుపతి సంగీత కళాశాలలో గాత్రం, మృదంగం, ఘటం, వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఉన్నారు. తిరుపతిలోని మహతి ఆడిటోరియం వేదిక మీద ఏడాదికి ఒక్కసారి నిండు బృందంతో, నిండు పల్లవితో, వంతులు కుదించకుండా ఒక కచేరీ పెట్టడానికి కావలసినవన్నీ ఊళ్లోనే ఉన్నాయి.

వినదలచినవారికి మిగిలిన రికార్డులు దారి చూపిస్తాయి. మొదట 'మధురా నగరిలో' వినాలి, గొంతులోని తీపి పట్టుబడుతుంది. తర్వాత ఒక త్యాగరాజ కృతి వినాలి, మాటకు ఆయన ఇచ్చే బరువు తెలుస్తుంది. ఆ తర్వాతే స్వరకల్పనలకు వెళ్లి, చేత్తో ఆది తాళం వేసుకుంటూ వినాలి. పాత రికార్డుల గరగర కాసేపటికి అలవాటైపోతుంది. ఎత్తుగడ ఎక్కడ పడుతుందో ఒకటి రెండుసార్లు దొరికాక, ఆ లెక్కంతా రాగాన్ని నిలబెట్టడానికేనని శ్రోతకే అర్థమవుతుంది.