పిట్లం చెరువు కట్ట మీద అడిగి రాసుకున్నవి

28 ఆగస్టు 2025, గురువారం

నిన్న వినాయక చవితి. పట్టిన వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు. కామారెడ్డి వైపు భిక్కనూరు, తలమడ్ల నడుమ రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. హవేలి ఘనపూర్ మండలంలో రోడ్లు తెగి ఊళ్లకు ఊళ్లే విడిపోయాయి. రాత్రంతా ఫోన్లలో ఒకటే మాట, పోచారం నిలుస్తుందా అని. 1922లో పూర్తయిన ఆనకట్ట అది. వరద కట్ట మీద నుంచి పొర్లినా నిలబడింది.

ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసినవాణ్ని. ఇలాంటి రాత్రి నాకు నిద్ర పట్టదు. చెరువును కాపాడేది కట్ట ఎత్తు ఒక్కటే కాదు, అలుగు కూడా. వచ్చిన నీళ్లు ఎంతసేపట్లో బయటపడతాయన్నదే అసలు లెక్క.

31 ఆగస్టు, ఆదివారం

వాన వెలిసింది. పొద్దున మా మెదక్ పిట్లం చెరువు కట్ట మీద జనం బాగానే ఉన్నారు. మాటల్లో మాటగా, వరద దెబ్బ సరిచేయడానికి ఎట్లాగూ నిధులు అడుగుతారు, పనిలో పనిగా కట్టను ఇంకా బాగు చేయమందాం అన్నారు ఒకరు. లైట్లు అన్నారు. ఓపెన్ జిమ్ అన్నారు. బోటు కూడా అన్నారు.

మిషన్ కాకతీయ 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైంది. రాష్ట్రమంతటా నలభై ఆరు వేలకు పైగా చెరువుల లెక్క తీశారు. ఊళ్ల చెరువులకు పూడిక తీయడం ముఖ్యమైతే, పట్నాల పక్కన ఉన్నవాటికి మినీ ట్యాంక్‌బండ్ అన్న పేరొచ్చింది. మన మెదక్‌లో పిట్లం చెరువు, గోసముద్రం అట్లా ఎంపికైనవే. అది మంచి పని. కానీ చెరువు నుంచి ఎవరికి ఏం కావాలో మన గల్లీలో కూర్చుని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

చట్టంలో అడగాలనే ఉంది. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు: యువకులు, మహిళలు, వృద్ధులు, పట్టణ ప్రముఖులు. ఒక్కో కమిటీలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మనకు 32 వార్డులు. దాదాపు రెండు వేల మంది ఈ పట్నం మంచిచెడ్డలు చెప్పడానికి కాగితం మీద ఉన్నారు. కౌన్సిల్ గడువు మొన్న జనవరిలోనే ముగిసింది, ఇప్పుడు ప్రత్యేకాధికారి పాలన. వెళ్లి అడుగుదామంటే కౌన్సిలర్ లేడు. అందుకే మనమే ఇంటింటికీ తిరిగి అడుగుదామన్నాను. ముగ్గురు సరేనన్నారు. నోట్‌బుక్ నా దగ్గరే ఉంటుంది.

7 సెప్టెంబర్, ఆదివారం

మొదట చేపలు పట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాం. వల బాగు చేసుకుంటున్న ముదిరాజ్ పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: "లైట్లు పెట్టుకోండ్రి సారూ, మేం వద్దంటమా? గని గణపతులల్ల ఇనుపచువ్వలు తీయిండ్రి. గీ వల సూడుండ్రి."

వల ఒడిలోకి లాగి చూపించాడు. విగ్రహం లోపల బిగించే చువ్వ తగిలి తెగిన చోటు, మోచేతి పొడవున. ఒక్కో కన్నూ నైలాన్ దారంతో ముడి వేసుకుంటూ పోతున్నాడు. ముడి బిగించేటప్పుడు దారాన్ని పంటితో పట్టుకుంటాడు. ఇట్లాంటివి సంవత్సరానికి ఎన్ని అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

రాసుకున్నాను: నిమజ్జనానికి వేరే చిన్న కుంట. చెరువులో దిగిన విగ్రహాల చువ్వలు, తీగలు వారంలోపు తీయాలి. వలలు ఆరేసుకోవడానికి, బుట్టలు దించుకోవడానికి కట్ట మీద కొంత జాగా అట్లాగే వదలాలి, అంతటా టైల్స్ పరవొద్దు.

14 సెప్టెంబర్, ఆదివారం

ఇవ్వాళ గొడవ అయింది. కావాల్సిందే.

కట్ట మీద నడిచేవాళ్లు ఎండాకాలంలో కూడా చెరువు నిండుగా ఉండాలంటారు. నీళ్లు లేని చెరువు పక్కన బెంచీ వేసి ఏం లాభం అని వాళ్ల మాట. ఆయకట్టు రైతు ఒకాయన లేచాడు: "తూము ఎత్తకుంటె నా వరి ఎట్ల పండాలె? మీకు సూడనీకి నీళ్లు గావాలె, మాకు తిననీకి గావాలె." ఆయన పక్కన నీరటి కొడుకు ఉన్నాడు. వాళ్ల తాత తూము తలుపు ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో ఊరందరి ముందర నిలబడి చెప్పేవాడట. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు. తూము మరకు తుప్పు పట్టి తిరగడమే కష్టంగా ఉంది.

ఇంతలో వెనక నుంచి ఇంకో గొంతు. శిఖం పక్కన ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న యువకుడు. మొన్నటి వానకు వాకిట్లోకి నీళ్లొచ్చాయి. "అలుగు ఒక అడుగు తగ్గిస్తె మా ఇండ్లు బయటపడ్తయి కదా" అన్నాడు. బ్యాంకు అప్పు ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు. అమ్మినవాళ్లు ఇది చెరువు నీళ్లు నిలిచే జాగా అని చెప్పలేదు. అతని కష్టం నిజం, దాన్ని నోట్‌బుక్‌లో అందరికన్నా పెద్దగా రాశాను.

కానీ అలుగు తగ్గించడానికి నేను ఒప్పుకోను. అలుగు ఒక అడుగు దిగితే చెరువు మొత్తం మీద అడుగు లోతు నీళ్లు పోతాయి. ఆయకట్టు చివరి మళ్లు ఎండుతాయి, చుట్టుపక్కల బోర్లు అడుగంటుతాయి. నీళ్లు వెనక్కి జరిగిన జాగాలో మళ్లీ ప్లాట్లు పడతాయి. తెలంగాణలో ఎన్నో చెరువులు ఇట్లానే చిన్నబోయాయి. 2012 నాటి 168 నంబరు జీవోలో స్పష్టంగా ఉంది: పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఏ కట్టడమూ ఉండకూడదు. శిఖం పట్టా ఉన్నవాళ్లు నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టొద్దు.

అందుకే ఆ గీతను నేల మీద చూపించే రాళ్లు పాతాలి. బోర్డు మీద మ్యాప్ చాలదు. ఏడో తరగతి పిల్ల కూడా ఇక్కడి దాకా చెరువు అని వేలు పెట్టి చూపగలగాలి. ఇప్పటికే ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఏం చేస్తారో ముందు చెప్పి, ఆ తరువాతే పని మొదలుపెట్టాలి.

రెండున్నర గంటల తరువాత రైతు, నడిచేవాళ్లు ఒక మాటకొచ్చారు. పంట నీళ్లు ముందు. తూము తలుపు కిందికి దిగాక మిగిలేది చేపలకు, చూపుకు. బోటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

21 సెప్టెంబర్, ఆదివారం

ఎంగిలి పూల బతుకమ్మ. సాయంత్రం ఆడవాళ్లనే అడిగాం, మగవాళ్లం పక్కకు జరిగి. మా చెల్లె రాసుకొచ్చింది.

అందరికన్నా పనికొచ్చే మాట ఒక పెద్దవ్వ చెప్పింది. బతుకమ్మను రెండు చేతులతో పట్టుకుని నీళ్లలోకి దిగేటప్పుడు కింద కాలు కనబడదు. మెట్టు ఎత్తుగా ఉంటే పడతాం అని. తన ఇంటి గడప ముందున్న మెట్టు చూపించి "గింతకు మించొద్దు బిడ్డా" అందట. మా చెల్లె టేపు పెట్టింది, ఆరు అంగుళాలు. ప్రతి ఐదారు మెట్లకూ నిలబడే వెడల్పు, నీళ్ల దగ్గర పట్టుకోవడానికి పైపు, ఆ చివరి మెట్టు దగ్గర దీపం. మరుగుదొడ్డి కట్టండి, తాళం వేయకండి అని అందరూ అన్నారు. బట్టలుతికే రజక అక్కలు తమ బండల దగ్గరికి దారి మూయొద్దన్నారు.

ఏ ఇంజినీరూ తన కుర్చీలో కూర్చుని ఆ ఆరు అంగుళాల లెక్కకు రాలేడు.

27 సెప్టెంబర్, శనివారం

నిన్న రాత్రి హైదరాబాద్‌లో మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. ప్రయాణికులను తాళ్లు పట్టి బయటికి తెచ్చారు. 1908 సెప్టెంబర్ 28 వరద చూసిన ఊరు అది. ఆ తరువాతే విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

సరిగ్గా ఏడాది కింద ఇదే రోజుల్లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ–ఎక్స్ అని రాశారు. జనం ఆ అక్షరాలు చూసి తెలుసుకున్నారు తమ ఇల్లు పోతుందని. ఆ అక్టోబర్‌లోనే మంత్రులు సియోల్ వెళ్లి అక్కడి చియాంగ్‌గిచియాన్ వాగు చూసొచ్చారు. 2005లో తెరిచిన ఆ వాగు అందరికీ ఫొటోల్లో తెలుసు. దాని మీదున్న ఫ్లైఓవర్ కూల్చే ముందు ఆ ఊరి పాలకులు పక్క దుకాణదారులతో కూర్చుని పదేపదే మాట్లాడారన్నది మాత్రం ఫొటోలో రాదు. నదికి జాగా కావాలి, ఆ మాట నేనూ అంటాను. గోడ మీద గుర్తు పెట్టే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి, అది కూడా అంటాను.

28 సెప్టెంబర్, ఆదివారం

దరఖాస్తు రాయడం అయింది. రేపు సోమవారం, కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇస్తాం. వల ముడులు, తూము మర, ఎఫ్‌టీఎల్ రాళ్లు, ఆరు అంగుళాల మెట్టు అన్నీ అందులో ఉన్నాయి. ఒప్పందం కుదరని విషయం కూడా దాచలేదు. శిఖం పక్కన ఇళ్లవాళ్ల మాటను వాళ్ల చేతే రాయించి, సంతకం పెట్టించి జతచేశాం. చివరి పేరా మాత్రం అందరి తరఫున నేను రాశాను:

"అయ్యా, పిట్లం చెరువు మీదగానీ గోసముద్రం మీదగానీ ఏ పని తలపెట్టినా, టెండరు పిలవకముందే ఎస్టిమేటును తెలుగులో కట్ట మీద అందరికీ కనబడే చోట అంటించండి. నెల రోజులు గడువివ్వండి. అభిప్రాయ సేకరణ ఆఫీసు హాలులో పని రోజు పదకొండు గంటలకు కాకుండా, ఆదివారం పొద్దున చెరువు దగ్గర పెట్టండి. చేపలవాళ్లు, ఆయకట్టు రైతులు, బట్టలుతికేవాళ్లు, శిఖం పక్కన ఇళ్లున్నవాళ్లు వచ్చేదాకా సమావేశం మొదలుపెట్టకండి. మేం చెప్పినవాటిలో ఏది ఒప్పుకున్నారో, ఏది ఎందుకు కాదన్నారో రాసి ఇవ్వండి."