నెత్తిన నాది కాని జుట్టు

బట్టతల గురించి మన ఐటీ జనాలు పైకి జోకులేసుకుంటారు గానీ, లోపల ఒక్కొక్కడూ అద్దం ముందు నిలబడి లెక్కలేసుకుంటూనే ఉంటాడు. నైట్ షిఫ్టులనీ, బోరు నీళ్ళనీ, హెల్మెట్ అనీ తలా ఒక కారణం చెప్తాం. నిజానికి మగవాళ్ళ బట్టతలకి చాలామటుకు కారణం వంశం, హార్మోన్లు. మా జేజినాయన, మా నాయన, మా చిన్నాయన... ముగ్గురి పెళ్ళి ఫోటోలూ వరసగా పెడితే నా రోడ్‌మ్యాప్ మొత్తం కనపడుతుంది :)

2008లో నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. బెంగుళూరులో ఉద్యోగం, కడపలో ఇల్లు, ఇంట్లో పెళ్ళి సంబంధాల హడావిడి. మినాక్సిడిల్ ఏడాది పాటు పూశాను. ఉన్నది కొంత నిలబడింది, పోయింది మాత్రం రాలేదు. ట్రాన్స్‌ప్లాంటేషన్ అప్పటికి నా జేబుకి అందే వ్యవహారం కాదు. చివరికి హెయిర్ వీవింగ్ చేయించుకున్నాను. ఇప్పటికీ టీములో కుర్రాళ్ళు పక్కకి పిలిచి గుసగుసగా అడుగుతుంటారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

బట్టతల చుట్టూ గట్టులాగా మిగిలిన సొంత జుట్టుని దారాలతో కలిపి, తలకి అంటుకునేలా సన్నటి జడ అల్లుతారు. పైన పెట్టబోయే జుట్టు ఒక పల్చటి వలకి ముందే కుట్టి ఉంటుంది. ఆ వల అంచుని వంకర సూదితో ఈ జడకి కుట్టేస్తారు. అంతే. కోత లేదు, రక్తం లేదు. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళు చేయించుకునే 'సూ-ఇన్' కూడా ఇదే సూత్రం. కాకపోతే అక్కడ తలంతా వరస జడలు అల్లి, వాటిమీద జుట్టు పట్టీలు కుడతారు. ఈ పద్ధతికి 1952లో పేటెంటు పొందింది ఓహాయోలో ఉండిన క్రిస్టీనా జెంకిన్స్ అనే నల్లజాతి మహిళ.

సెంటరు వాళ్ళు మెయింటెనెన్స్ సంగతి చివర్లో, గొంతు తగ్గించి చెప్తారు. అసలు కథంతా అదే. సొంత జుట్టు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. జడ తలనించి పైకి లేస్తుంది, కుట్టు వదులవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మొత్తం విప్పి, తల శుభ్రం చేసి, మళ్ళీ కుట్టాల్సిందే. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్టు చవక, సపోర్టు కాంట్రాక్టు జీవితాంతం.

ఇంట్లో చేసుకోవాల్సినవి ఇవి. షాంపూ నీళ్ళలో కలిపి, వేళ్ళతో వల కిందికి పోనిచ్చి కడగాలి, రుద్దకూడదు. తర్వాత కుదుళ్ళ దగ్గర పూర్తిగా ఆరబెట్టాలి. పైన ఆరిందిలే అని పడుకుంటే కింద తడి నిలిచి దురద, వాసన, ఒక్కోసారి ఫంగస్ కూడా. కుట్టిన జుట్టుకి తలలోని జిడ్డు అందదు కాబట్టి ఎండిపోతుంది. కొసలకి చుక్క నూనె రాయాలి, కుట్ల మీద కాదు. పెద్ద పళ్ళ దువ్వెనతో కొసలనించి మొదలుపెట్టి పైకి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, కుట్టు మరీ బిగుతుగా ఉండకూడదు. అంచుల్లో నెప్పి, చిన్న చిన్న కురుపులు వస్తే "మామూలే సార్" అన్న మాట నమ్మొద్దు. ఆ లాగుడుకి ఉన్న సొంత జుట్టు కూడా ఊడుతుంది. చాలాకాలం అలాగే వదిలేస్తే మళ్ళీ మొలవదు.

బెంగుళూరు చలువకి ఎలాగో నెట్టుకొచ్చాను గానీ, అసలు పరీక్ష మే నెలలో కడప. నలభై దాటిన ఎండలో ఏడురోడ్ల కాడినించి వై.వి. స్ట్రీట్ చివరిదాకా నడిస్తే వల కింద చెమట ఉడికిపోతుంది. బోరు నీళ్ళకి జుట్టు చీపురుపుల్లలైపోతుంది. క్యాన్ నీళ్ళతో తలస్నానం చేస్తుంటే మా అమ్మ "తాగే నీళ్ళు నెత్తిన పోసుకుంటావుంటివే అబ్బీ, ఏం కాలం వచ్చెరా" అని తిట్టేది.

మా అవ్వకి మాత్రం ఇదేం వింత కాలేదు. "సవరమే కదరా, మేం పెట్టుకోలేదా" అనేసింది. నిజమే. ఆమె రాలిన జుట్టుని చుట్టలు చుట్టి గోడ గూట్లో దాచి, వీధిలోకి వచ్చే సవరాలామెకి ఇచ్చేది. అవ్వ సవరంలో ఉన్నది అవ్వ జుట్టే. నా నెత్తిన ఉన్నది ఎవరిది?

సెంటరులో అడిగితే "ఒరిజినల్ ఇండియన్ హెయిర్ సార్" అన్నారు. ఎవరిదని అడిగితే నవ్వారు. నాకైతే ముందు కొండే గుర్తొచ్చింది. తిరుమల తొలిగడప దేవుని కడప మా ఊళ్ళోనే ఉంది, మా ఇంట్లో పుట్టువెంట్రుకలన్నీ తిరుమల కల్యాణకట్టలోనే. అక్కడ భక్తులిచ్చే తలనీలాల్ని పొడుగుని బట్టి వేరుచేసి వేలం వేస్తారు. దేవస్థానానికి దీనిమీద ఏటా వంద కోట్ల పైమాటే. కుదుళ్ళన్నీ ఒకే వైపు ఉండేలా కోసిన జుట్టుకి చిక్కు తక్కువ, రేటు ఎక్కువ. 2004లో ఈ జుట్టు విగ్రహారాధనకి సంబంధించిందని జెరూసలేంలో ఒక పెద్ద రబ్బీ తీర్పిస్తే, బ్రూక్లిన్‌లో యూదు ఆడవాళ్ళు వేల ఖరీదు చేసే విగ్గుల్ని వీధిలో కాల్చేశారు. 2009లో క్రిస్ రాక్ తీసిన 'గుడ్ హెయిర్' డాక్యుమెంటరీ కూడా ఈ జుట్టుని వెతుక్కుంటూ మన దేశం దాకా వచ్చింది. 2022 జనవరిలో మన ప్రభుత్వం ముడి జుట్టు ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది.

నా మటుకు నాకు ఇందులో అపవిత్రమేమీ కనపడలేదు. బిడ్డకి జ్వరం తగ్గాలనో, పంట పండాలనో ఏ తల్లో దేవుడికిచ్చేసింది. ఆమె మొక్కు అక్కడితో తీరింది. కానీ గుండుతో బస్సెక్కి ఊరికెళ్ళడానికి సిగ్గుపడని ఆమె జుట్టు, గుండుకి భయపడే నా నెత్తిమీద ఉండొచ్చు అనుకుంటే మాత్రం కొంచెం అదోలా అనిపించేది.

ఇంక పెళ్ళి సంగతి. అమ్మ మాట ఒకటే, "తాళి కట్టినాక చెప్పుకుందువులేరా". నేను ఒప్పుకోలేదు. మీరు కొనబోయే సాఫ్ట్‌వేర్‌లో ఇంత పెద్ద విషయం దాస్తే ఊరుకుంటారా? ప్రొద్దుటూరు సంబంధంలో అమ్మాయితో మాట్లాడమన్నప్పుడు చెప్పేశాను. రెండు రోజులకి జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. ఇంట్లో వారం పాటు మౌనం. ఆ తర్వాత రాజంపేట సంబంధం. ఆ అమ్మాయి అంతా విని, "రాత్రి తీసి పక్కన పెడతారా, అట్లే పడుకుంటారా?" అని అడిగింది. తీయడానికి రాదని చెప్పాను. "అయితే దిండు గలీబులు మెత్తటివి తీసుకోవాల" అంది. 2010లో పెళ్ళయింది :)

పెళ్ళయితే తలనీలాలిస్తానని అమ్మ నా తరఫున మొక్కుకుని ఉంది. కుట్టు ఉంటే కత్తి ఆడదు కదా. కొండకి పోయే ముందు వారం వీవింగ్ విప్పించాను. కల్యాణకట్టలో నాకున్న కాస్త జుట్టుకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్ళీ కుట్టించుకోలేదు. ఇప్పుడు నెలకోసారి ట్రిమ్మరు, అంతే ఖర్చు.

వీవింగ్ పనికిరానిదని నేననను. ఆ రెండేళ్ళూ నలుగురిలో తలెత్తుకుని తిరగడానికి నాకది పనికొచ్చింది. కీమోథెరపీలోనో, జబ్బుల్లోనో జుట్టు పోయిన ఆడవాళ్ళకి విగ్గో, సవరమో ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. అడిగే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఒక్కసారి ఖర్చు కాదు, ఐదేళ్ళ ఖర్చు లెక్కేసుకోండి. నెప్పి పుడితే ఆలోచించకుండా విప్పించండి. మీతో దిండు పంచుకోబోయే మనిషికి మాత్రం ముందే చెప్పండి.