చెట్టు లేని మైదానములో

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుండి పెర్త్‌కు విమానములో కొద్ది గంటల ప్రయాణమే. మా అబ్బాయి మాత్రం, “కారులో వెళ్దామమ్మా, చూడవలసినది మధ్యలోనే ఉంది” అన్నాడు. 2018 ఆగస్టులో అబ్బాయి, కోడలు, నేను ప్రార్థన చేసుకొని బయలుదేరాము. నాలుగు డబ్బాల నీళ్లు, అదనంగా ఒక టైరు, పులిహోర వెంట పెట్టుకున్నాము.

సెడూనా అనే ఊరు దాటిన తరువాత పొలాలు తగ్గిపోయి, క్రమంగా నల్లార్‌బోర్ మైదానము వచ్చింది. ‘చెట్టన్నది లేదు’ అనే అర్థముగల లాటిను మాటలతో పెట్టిన పేరు అది. సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాయి నేల. వాన కురిసినా నీరు రాతి పగుళ్లలోనికి దిగిపోతుంది గనుక వాగు గాని చెరువు గాని లేదు. మన కరువు సీమలోనైనా ఒక తుమ్మచెట్టు, దాని నీడన మేకలు కాసేవాడొకడు కనబడతారు. ఇక్కడ మోకాలెత్తు బూడిదరంగు పొదలే.

దక్షిణాన సముద్రము. ఒకచోట తిమింగలాలు చలికాలములో ఈనడానికి వస్తాయి. పిల్లను పక్కన పెట్టుకొని తేలుతున్న తల్లిని చూస్తూ కోడలు గంటసేపు కదలలేదు. అక్కడి నుండి పడమటికి వెళ్తే, నేల కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. 60 నుండి 120 మీటర్ల నిట్టనిలువు కొండచరియ, కింద అలలు. అన్ని నీళ్లున్నా తాగడానికి చుక్క లేదు.

1841లో ఎడ్వర్డ్ ఐర్ అనే ఇంగ్లీషువాడు గుర్రాలతో ఈ తీరము వెంబడి వెళ్లాడు. ఇసుక దిబ్బలలో నీటి గుంటలు ఎక్కడున్నవో అతనికి చూపించింది ఆదివాసులే. అవి కూడా లేనిచోట తెల్లవారుజామున ఆకుల మీది మంచును స్పాంజితో అద్ది, పిండుకొని తాగారు. దారిలో తోటివాడు బాక్‌స్టర్ హత్యకు గురయ్యాడు. చివరివరకు ఐర్‌తో నిలిచినవాడు వైలీ అనే ఆదివాసి యువకుడొక్కడే. ఇద్దరూ జూలైలో ఆల్బనీ చేరారు. ఈ రహదారికి ఐర్ పేరే పెట్టారు. వైలీ పేరు కూడా చేర్చవలసిందని నాకనిపించింది.

కైగూనా దాటాక 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు లేని రోడ్డు. ఆ ప్రయాణములోనే ఒకచోట తారు మీద తెల్లని పెద్ద గీతలు కనబడ్డాయి. “విమానము దిగే చోటమ్మా. ఎవరికైనా ప్రాణము మీదికి వస్తే బండ్లను ఆపి, డాక్టరు విమానాన్ని రోడ్డు మీదనే దించుతారు” అన్నాడు అబ్బాయి. దిక్కులేని దూరాలలో ఉన్నవారి కోసం 1928లో ఈ సేవను ఆరంభించినవాడు జాన్ ఫ్లిన్ అనే ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి. డాక్టరును పిలవడానికి కరెంటు లేని ఇండ్లకు కాలితో తొక్కే రేడియోను ఆయన సహాయకుడు ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ తయారుచేశాడు.

కారు ఆపమన్నాను.

1978 ఆగస్టులో మా తమ్ముణ్ణి పాము కరిచింది. వాడికి తొమ్మిదేళ్లు. ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకొనిపోతుంటే వాగు పొంగి ఉంది. గట్టు మీద మా అమ్మ వాడి తలను ఒడిలో పెట్టుకొని కూర్చుంది. నాన్న లాంతరు పట్టుకొని నీళ్లు తగ్గుతున్నవేమో చూసి వస్తున్నాడు. అవతలి ఒడ్డున దీపాలు కనబడుతూనే ఉన్నాయి. తెల్లవారకముందే వాడు పోయాడు.

ఈ సంగతి మా అబ్బాయికి ఎన్నడూ చెప్పలేదు. ఆ గీతల పక్కన నిలబడి చెప్పాను. వాడు చాలాసేపు ఊరుకొని, “మామయ్య పేరేమిటమ్మా?” అని అడిగాడు.

చెప్పాను. దూరాన పెద్ద లారీ ఒకటి వస్తుంటే కారెక్కాము. బల్లడోనియాకు ఇంకా గంట ప్రయాణము ఉంది.