దీపాలదిన్నె

గుంటూరుకు పడమట, పట్టణం ముగిసీ ముగియకముందే నల్లపాడు స్టేషను వస్తుంది. ఇక్కడ రైలుదారి రెండుగా చీలుతుంది. ఒకటి ఫిరంగిపురం, నరసరావుపేటల మీదుగా నంద్యాల వైపు సాగిపోతుంది. మరొకటి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా కృష్ణను దాటి తెలంగాణలో ప్రవేశిస్తుంది. మాఘ ఫాల్గుణ మాసాలలో ఏ దారిన వెళ్లినా నల్లరేగడి చేల నడుమ మిరప కల్లాలు ఎర్రని తివాచీల వలె పరచుకొని ఉంటాయి. టిక్కీలకెత్తిన కాయతో లారీలు గుంటూరు యార్డుకు బారులు తీరుతాయి. గాలిలో ఘాటు. కొత్తవారు తుమ్ముతారు. ఊరివారికి అది గాలి వాసనే.

ఈ సీమవారు విహారయాత్రకు బయలుదేరితే తిరుపతికో, అరకుకో, ఊటీకో వెళతారు. తమ ఊరినుంచి రెండు గంటల ప్రయాణంలో ఏమున్నదని అడిగితే కోటప్పకొండ పేరు చెబుతారు. అదీ శివరాత్రి తిరునాళ్ల కారణంగా! పల్లె పల్లెనుంచి మింటిని తాకుతున్నట్లు కట్టుకొని వచ్చే ప్రభలను చూడని వారు ఇక్కడ అరుదు. కాని అదే దారిలోని కొండవీటిని ఎందరు చూశారు? రెడ్డిరాజుల రాజధాని అది. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న చోటు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతినుంచి గెలుచుకొన్న దుర్గం. ఇప్పుడు కొండపైకి ఘాట్ రోడ్డు ఉంది. వాహనాలలో వెళ్లినవారు చెరువుల గట్ల మీద ఫలహారాలు చేసి, బురుజుల వద్ద ఫొటోలు దిగి తిరిగివస్తారు. అందులో తప్పుపట్టవలసినది లేదు. కోట అంటే కంటికి కనిపించే వస్తువు, గోడలూ బురుజులూ తామే తమ కథ చెప్పుకోగలవు. చూపరి ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేదు.

శ్రమపడవలసిన చోటు అమరావతి.

కృష్ణ ఒడ్డున అమరేశ్వరాలయం ఉంది. పంచారామాలలో ఇది ఒకటి. కార్తికమాసంలో బస్సులు నిండుతాయి. భక్తులు నదిలో మునిగి, ఎత్తయిన తెల్లని శివలింగాన్ని దర్శించి, ప్రసాదం పుచ్చుకొంటారు. వారిలో కొందరు, సమయం మిగిలితే, సమీపంలోని స్తూపం వద్దకు వస్తారు. దారిలో 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం కనిపిస్తుంది కనుక ఇంకా పెద్దదేదో చూడబోతున్నామని ఆశపడతారు. కంచె లోపల అడుగుపెట్టేసరికి గుండ్రని మట్టిదిబ్బ, దానిచుట్టూ ఇటుకల వరుస, అక్కడక్కడ నిలిపిన రాతిపలకలు. అంతే. "ఇంతేనా?" అన్న మాట ఆ ప్రాంగణంలో వినపడినంతగా మరే మాటా వినపడదు. ఆ ప్రశ్నలో అమాయకత్వం ఉన్నది గాని అవివేకం లేదు. నిజంగానే అక్కడ మిగిలినది అంతే.

ఈ దిబ్బను ఒకప్పుడు గ్రామస్థులు దీపాలదిన్నె అనేవారు. క్రీస్తుకు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో పెంపొందిన మహాచైత్యం ఇది. అండం అడుగుభాగం సుమారు 50 మీటర్ల వ్యాసం. చుట్టూ పలనాటి సున్నపురాతి పలకలు, ప్రాకారం, నాలుగు దిక్కులా ఆయక స్తంభాలు. ఏడవ శతాబ్దిలో చీనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ ఈ ధాన్యకటక సీమకు వచ్చాడు. 1344 నాటి శ్రీలంక గడలాదెణియ శాసనం ధాన్యకటకంలో ఒక సింహళ భిక్షువు చేయించిన జీర్ణోద్ధరణను పేర్కొంటున్నది. అంటే పదునాలుగవ శతాబ్దిలో సైతం సముద్రం దాటి ఈ చోటిని వెదుక్కొంటూ వచ్చినవారున్నారు. ఆ తరువాత నాలుగున్నర శతాబ్దాల మరపు.

1790లలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లినుంచి తన నివాసాన్ని అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టసాగాడు. కట్టడాలకు ఇటుకలు కావాలి, రాళ్లు కావాలి. దిన్నెలో రెండూ ఉన్నవి. పనివారు తవ్వారు. శిల్పాలున్న పలకలు బయటపడ్డాయి. ఆ వార్త విని కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చి చిత్రకారుల చేత బొమ్మలు గీయించేనాటికి దిన్నె నడిమిభాగం చెరువుగా మారింది. కొన్ని పలకలు మెట్లకూ గోడలకూ పోయాయి. కొన్ని సున్నానికి కాలిపోయాయి.

సున్నానికి కాల్చడం అన్న మాట ఇతర ప్రాంతాల విద్యార్థులకు వింతగా తోచవచ్చు. పలనాటివారికి తోచదు. నల్లపాడునుంచి పిడుగురాళ్ల దారిలో రైలు కిటికీనుంచి నేటికీ సున్నపు బట్టీల పొగ చూడవచ్చు. అదే రాయి. శిల్పి ఉలికి అందితే జాతకకథ అవుతుంది. బట్టీకి అందితే గోడకు పూత అవుతుంది. కాల్చినవాడు శిల్పద్వేషి కాడు. తనకెవరూ చెప్పని ఒక కథను అతడు చదవలేకపోయాడు, అంతే.

1845లో వాల్టర్ ఇలియట్ మరికొంత తవ్వి పలకలను మద్రాసుకు చేర్చాడు. అక్కడ ఎండకూ వానకూ కొన్నేళ్లు పడివుండి, 1859లో లండనుకు ఓడ ఎక్కాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి చేరాయి. ఇలియట్ మార్బుల్స్ అని వాటికి పేరు. అది పాలరాయి కాదు, ఇలియట్ చెక్కినదీ కాదు. పేరులో రెండు మాటలూ తప్పే. ఇప్పుడవి సుమారు 120 పలకలు, గాజుగదిలో, చల్లని గాలిలో భద్రంగా ఉన్నాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవి అనేకం చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవి అమరావతిలోని పురావస్తు ప్రదర్శనశాలలో.

ఈ పలకలను తిరిగి ఇవ్వవలెనా అన్న చర్చ చాలాకాలంగా నడుస్తున్నది. తీసుకొనిపోయినవారు మనలను అడిగి తీసుకొనిపోలేదు. పరాయి పాలనలో జరిగినది గనుక అది దానం కాదు, విక్రయమూ కాదు. ఈ వాదానికి తిరుగులేదు. కాని అవి ఇక్కడే ఉండివుంటే నేడు పలకలుగా ఉండేవా, సున్నంగా గోడలమీద ఉండేవా అన్న ప్రశ్న కూడా నిజమైనదే. ఈ రెండు నిజాలలో ఒకదానిని చెప్పి రెండవదానిని దాచేవారి మాట సగం మాటే. కాపాడటం వలన హక్కు పుట్టదు. హక్కు ఉన్నంత మాత్రాన కాపాడినట్లూ కాదు.

మరి దిబ్బముందు నిలిచినవాడు ఏమి చూడాలి? దీనికి జవాబు ఆ పలకలలోనే ఉన్నది. పూర్వపు శిల్పులు కొన్ని పలకలమీద స్తూపం బొమ్మనే చెక్కారు: సింహాలు కాపలా కాసే ద్వారం, ప్రాకారం, ఆయక స్తంభాలు, పూలదండలు చుట్టిన అండం, ఆకాశాన ఎగిరే దేవతలు. స్తూపం కూలిపోయినా దాని రూపం నేడు తెలుస్తున్నదంటే ఆ బొమ్మల చలవే. స్తూపం తన చిత్తరువును తానే దాచుకొన్నది. ఆ బొమ్మను ముందుగా ఒక్కసారి శ్రద్ధగా చూసి వచ్చిన విద్యార్థికి ఆ ఇటుకల వరుస వృత్తంగా, వృత్తం అండంగా పైకి లేస్తుంది. చూడకుండా వచ్చినవాడికి మట్టి మట్టిగానే ఉంటుంది.

దాతల పేర్లూ పలకలమీద ఉన్నాయి. రాజులకంటె మామూలు జనమే ఎక్కువ. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు. పూర్ణఘటం నేడు ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నంలో ఉన్నది. ప్రభుత్వ పత్రాలమీద ప్రతిదినం ముద్రపడే ఆ కలశాన్ని చూసినప్పుడు చెప్పులు కుట్టిన ఆ ఇల్లు ఎవరికైనా గుర్తుకువస్తున్నదా? తొలి తెలుగు పదంగా పండితులు చూపిన 'నాగబు' సైతం ఇక్కడి రాతిమీదనే దొరికింది.

అమరావతిలో కట్టడం ఉన్నచోటనే ఉంది, శిల్పాలు పోయాయి. నాగార్జునకొండలో కట్టడాలను కాపాడి చోటును పోగొట్టుకొన్నారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలో ఉండేది. 1926లో దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నీరు చేరకముందే తవ్వి తీయవలసినది తీయాలని 1954నుంచి 1960వరకు పురావస్తు శాఖవారు గడియారంతో పందెం వేసినట్లు పనిచేశారు. విహారాలను, స్తూపాలను ఊడదీసి, కొన్నింటిని కొండమీద, కొన్నింటిని అనుపులో తిరిగి నిలిపారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. లోయ జలాశయమయింది, కొండ దీవి అయింది.

లాంచీలో కొండకు వెళ్లే పర్యాటకులు నీటిని చూసి ఆనందిస్తారు. ఆ నీటి అడుగున ఉపాసిక బోధిశ్రీ సింహళ భిక్షువులకోసం చైత్యగృహం కట్టించిన గుట్ట ఉన్నది. కాశ్మీర గాంధార చీనా దేశాల పేర్లు ఆమె శాసనంలో ఉన్నాయి. ఇదేనాడు ఆ లోయలోని పల్లెలవారు కూడా తమ ఇళ్లూ పొలాలూ వదలి కదలవలసివచ్చింది. వారి పేర్లు ఏ రాతిమీదా చెక్కలేదు. ఈ నష్టాన్ని తలచుకొని ఆనకట్ట కట్టరాదనడం సులభమే. కాని ఆ మాట అనవలసినవారు నల్లపాడువారు కారు. కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశం మెట్టపొలాలకు పారింది. ఒకప్పుడు వానకోసం మొగం వాచిన రేగడిలో మిరపా పత్తీ పండుతున్నవంటే దానిలో ఆ కాలువ పాలు ఉన్నది. విజయపురి మునిగినందుకు ఫలం పొందినవారిలో ఈ కల్లాల యజమానులూ కూలీలూ ఉన్నారు.

కొండమీది ప్రదర్శనశాలలో మునిగిన లోయ నమూనా ఒకటి ఉన్నది. ఎక్కడ ఏ విహారం ఉండేదో, నది ఎటు తిరిగేదో అందులో గుర్తించవచ్చు. లాంచీ తిరుగు వేళ దగ్గరపడుతుంటే పర్యాటకులు దానిని దాటి తొందరగా వెళ్లిపోతుంటారు. అక్కడ పది నిమిషాలు నిలిచి, బయటకు వచ్చి రేవుమెట్లమీదనుంచి నీటివైపు చూస్తే, ఏ అల కింద ఏ వీధి ఉన్నదో వేలితో చూపవచ్చు.