కప్పునకు పట్టిన తేనీటి మరక

కప్పునకు పట్టిన తేనీటి మరకను గూర్చి యొక వ్యాసమా యని మీలో కొందఱు నవ్వవచ్చును. మేమును మొదట నట్లే తలంచితిమి. కాని యీ చిన్న పని మాకు రెండు పాఠములు చెప్పినది. ఒకటి వంటింటిది, రెండవది మనస్సుది. రెంటిని దాచక విన్నవించుచున్నాము.

మా పుట్టినిల్లు కృష్ణకాలువ యొడ్డున నున్నది. అచట కప్పులను నీళ్లతో తొలిపిన జాలును, తెల్లగనే యుండెడివి. మావారి యుపాధ్యాయవృత్తి మమ్ము పలనాటికి గొనివచ్చిన పిమ్మట, ఆఱు నెలలు నిండకముందే కప్పుల లోపల గోధుమవన్నె పొర కట్టసాగెను. ఇది మా సోమరితనమే యనుకొని కొన్నాళ్లు సిగ్గుపడితిమి. అసలు కారణము బోరునీరు. పలనాడు సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు ఈ రాతివలననే బ్రతుకుచున్నవి. అట్టి రాళ్లలో నూరిన నీటియందు కాల్షియము కరగియుండును. తేయాకులోని వగరుపదార్థము గాలి తగిలి ముదిరి, ఈ కాల్షియముతో గూడి, తేనీటిపై పలుచని తెట్టుగా తేలును. తేనీరు చల్లారుకొలది అది కప్పు గోడల కంటుకొనును. 1993లో లండనునందలి ఇంపీరియల్ కళాశాలకు చెందిన స్పైరో, జగన్యి యను శాస్త్రజ్ఞులు ఈ తెట్టును పరిశోధించి కారణమును వెల్లడించిరి. నీటిలో కాల్షియము లేనిచో తెట్టు కట్టదు. తేనీటిలో పులుపు చేరినను కట్టదు. కాని పాలు పోసిన తేనీటిలో నిమ్మకాయ పిండుకొనలేము గదా!

వగరునకును, కాచిన రసమునకును, ఎఱుపు గలిసిన రంగునకును సంస్కృతమున కషాయ మను మాట యొక్కటియే. పెద్దలు ఈ మూటికి గల చుట్టఱికమును గుర్తించియే యుందురు. పెడనలో కలంకారీ పనివారు బట్టను ముందుగా కరక్కాయరసమున ముంచుటయు ఈ వగరు కొఱకే. రంగు బట్టను విడువకుండ నది పట్టియుంచును. బట్టకు మేలుచేయు గుణమే కప్పునకు మరక యగుచున్నది.

మేము మొదట చేసిన తప్పు వినుడు. ఇటుకపొడియు, ఇనుపపీచును వేసి తోమితిమి. మరక పోయినది, దానితోపాటు పింగాణి పై మెఱుగును పోయినది. ఆ గీతలలో కొత్త మరక మునుపటికంటె త్వరగా చేరెను. రెండు కప్పులు అట్లు పాడైనవి.

ఇపుడు చేయు పద్ధతి యిది. కప్పునిండ వేడినీరు పోసి, అర నిమ్మచెక్క రసము పిండి, అరగంట యుంచవలెను. పులుపునకు కాల్షియము వదలి పొర సడలును. ఆ నీరు పాఱబోసి, కప్పును కడిగి, పిమ్మట ఒక చెంచా వంటసోడాను నాలుగు చుక్కల నీటితో ముద్దచేసి, తడిగుడ్డతో మెల్లగా రుద్దవలెను. నిమ్మరసమును సోడాను ఒక్కసారే కలిపిన బుసబుస పొంగుట చూడ వేడుకయే కాని, ఒకదానిబలము నొకటి చంపుకొనును. బంగారుగీత యున్న కప్పుల అంచులను రుద్దరాదు. బ్లీచింగు ద్రవమును నిమ్మరసముతో గాని, వెనిగరుతో గాని యెన్నటికిని కలుపరాదు. అందుండి వెలువడు క్లోరిను వాయువు ఊపిరితిత్తులకు హాని. అన్నిటికంటె సులువైన పని, త్రాగిన వెంటనే కప్పు తొలిపివేయుట.

ఇక రెండవ పాఠము. ఈ యుపాయము మాయింట అంట్లు తోము ఆమెకును నేర్పితిమి. మఱునాడు ఆఱు కప్పులు ముత్యములవలె మెఱయుచుండెను. పెరటిగోడ గూటిలోని యేడవ కప్పు మాత్రము నల్లగనే యున్నది. అది ఆమె కప్పు. “దీని నేల తోమలేదమ్మా?” యని యడిగితిమి.

“అది గూడా తెల్లంగా తోమితే అన్నిట్లో కలిసిపోద్ది గందమ్మగారూ. తెలవక మీరు తాగితేనో?” అని ఆమె నెమ్మదిగా చెప్పి, తన పనిలో పడినది.

మాకు నోట మాట రాలేదు. మావారు పిల్లలకు సాంఘికశాస్త్రము చెప్పుదురు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమున 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినదని ఆయన చెప్పుచుండగా మేమును వినియున్నాము. టీకొట్లలోని రెండు గ్లాసుల పద్ధతిని గూర్చి పత్రికలలో చదివి, “ఎంత అన్యాయము!” అని అనుకొనియున్నాము. మా పెరటిగూడు మాత్రము మా కంటబడలేదు. ఆమెకు వేఱు కప్పు నిచ్చినవారము మేము. దానిని గుర్తుగా నిలుపు భారమును గూడ ఆమెపైననే పెట్టితిమి.

ఆనాడు ఆ యేడవ కప్పును మేమే తోమితిమి. చాల యేండ్ల మరక యగుటచే నిమ్మనీరు రెండుసార్లు పోయవలసివచ్చెను. తెల్లబడిన పిదప తక్కిన వానితో కలిపి అలమరలో బోర్లించితిమి. మఱునాటి యుదయము తేనీరు పోసికొనుటకు చేయి చాచినపుడు, “అది యిదియేనేమో” యని మా చేయి ఒక్క క్షణమాగినది. ఆ యాగుట మీకు చెప్పుటకు సిగ్గగుచున్నది, కాని చెప్పనిచో నీ వ్యాసమంతయు బూటకమగును. పింగాణిపై మరకకు గంటసేపు చాలినది. మా చేతి జంకు పోవుటకు నెలకు పైగా పట్టినది.

ఇప్పుడు ఏ కప్పు ఎవరిదో మాకే తెలియదు. ఆమె మాత్రము ఇంకను పెరటిమెట్టు మీదనే కూర్చుండి త్రాగుచున్నది. లోపలికి రమ్మని పిలుచుచునే యున్నాము. ఇన్నేండ్ల అలవాటు ఒక్క పిలుపుతో పోవునా?

సోదరీమణులారా! మీ యింట గూటిలో గాని, కిటికీలో గాని ఒంటరిగా నున్న కప్పు ఉన్నయెడల, ఈ పూట దానిని మీ చేతులతోనే తోమి, తక్కిన వాని నడుమ బోర్లించి చూడుడు.