కాశీ బాటనుండి అన్నయ్యగారికి

మొదటి జాబు
నిర్మల, మార్గశిర శుద్ధ ద్వాదశి, రాత్రి

పూజ్యులైన అన్నయ్యగారి పాదములకు నమస్కరించి తమ్ముడు వ్రాయునది.

ఈ ఉదయము పద్మారావునగరులో మీరు వీధిగుమ్మముకడ నిలిచి, కారు కదలువఱకు ఒక్కమాటయు పలుకక, కదలిన పిమ్మట మాత్రము “ప్రతి మజిలీనుండియు జాబు వ్రాయుము, ఫోనులో చెప్పిన మాట గాలికి పోవును” అని కేకవేసితిరి. ఆ మాట మేడ్చలు దాటువఱకు నా చెవులలోనే యుండెను. మీ మోకాళ్లే సహకరించియుండినయెడల వెనుకసీటు మీదియు, వదినగారిదియునై యుండెడిది. అందువలన ఈ బాటను మీ కన్నులతో గూడ చూడవలెనను సంకల్పముతోనే బయలుదేరితిమి.

చిన్ననాడు వేసవి రాత్రులలో మేడమీద పడకలు వేసికొని, మీరు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను పైకి చదువుచుండగా నేను నడుమనే నిద్రపోయెడివాడను. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కడప, హైదరాబాదుల మీదుగా ఉత్తరాభిముఖుడై, పదునైదు మాసములకు పైబడి సంచరించి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన ఆ మహానుభావుడు త్రోవలో తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసిన జాబులే గదా ఆ గ్రంథము! చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీపని చూచినవాడు గనుక ఊరిపేరు, బాటయొక్క తీరు, అంగడులలో దొరకు వస్తువులు, మనుష్యుల నడవడి యివన్నియు సాక్షి వాఙ్మూలమువలె నిష్కర్షగా వ్రాసినాడు. ఆయన బోయీలు మోసిన పల్లకిలో నెన్నో దినములకు గడచిన నేలను మేము పెట్రోలు బండిలో కొన్ని గంటలలో గడచుచున్నాము. అయినను నేల ఆ నేలయే. కారును చాలవఱకు మీ మరదలే నడపినది; ప్రక్కన కూర్చుండి ఊళ్ల పేర్లు కాగితముపై వ్రాసికొనుట నా వంతు.

తూప్రాను, రామాయంపేట, కామారెడ్డి గడచి, ఆర్మూరు దాటిన తరువాత పోచంపాడు దగ్గఱ ప్రధానమార్గము విడిచి శ్రీరామసాగరమును చూచి వచ్చితిమి. 1963 జూలై 26న నెహ్రూగారు పునాదిరాయి వేసిన యీ ఆనకట్టవెనుక నీరు కనుచూపు మేర పఱచుకొని యున్నది. పిమ్మట సోనుకడ గోదావరిని దాటుచు, మీరు చెప్పినట్లే బండి నిలిపి, కొత్త వంతెన ప్రక్కనున్న పాత రాతివంతెనను చూచితిమి. నది మధ్యలో ఇసుకతిన్నెలు, వాటిపై తెల్లకొంగలు. నీరు పాయలు పాయలుగా పాఱుచున్నది.

సాయంకాలము నిర్మలలో బొమ్మలు చేయు నకాషీవారి యిండ్లకు పోయితిమి. పొనికికఱ్ఱ యెంత తేలికయనగా, జానెడు ఏనుగుబొమ్మ అరచేతిలో నున్నను ఉన్నట్లే తోచదు. అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, ఆరబెట్టి, నునుపుచేసి, పిదప రంగు వేయుదురు. ఒక వృద్ధశిల్పి జామపండుమీద ఆకుపచ్చనుండి పసుపునకు రంగు దిద్దుచుండగా మీ మరదలు అరగంట కదలలేదు. వదినగారికి పండ్లబుట్ట తీసికొన్నది.

ఈ యూరిలోనే, తమపై తిరుగబడిన రాంజీ గోండును, ఆయన యనుచరులను ఇంగ్లీషువారు మఱ్ఱిచెట్టునకు ఉరితీసిరి. “వెయ్యి ఉరుల మఱ్ఱి” యని జనులు నేటికిని చెప్పుకొందురు. చెట్టు ఇప్పుడు లేదు. అడిగినవారికందఱికిని చోటు మాత్రము తెలిసియున్నది.

రెండవ జాబు
నాగపూరు, శుద్ధ త్రయోదశి

అన్నయ్యగారికి నమస్కారములు.

నిర్మలనుండి ఘాటు ఎక్కగానే టేకు అడవి. అది దిగిన తరువాత ఆదిలాబాదు నల్లరేగడి. ఇది ప్రత్తికాలము. ట్రాక్టరులు ప్రత్తిని కొండలవలె పోసికొని మార్కెట్టునకు పోవుచుండగా గాలికెగిరిన దూది త్రోవ కిరువైపుల తుమ్మముండ్లకు చిక్కుకొని, చెట్లు పూచినట్లు కనబడినవి. పెన్‌గంగ దాటుటతో మన రాష్ట్రము ముగిసినది గాని, మన భాష ముగియలేదు. పాండర్కవడలో తేనీరు త్రాగిన హోటలువాడు మీ మరదలి మాట విని, “మీది లష్కరా అక్కా?” అని తెలుగుననే అడిగెను. సికింద్రాబాదును లష్కరని పిలుచువాడు మహారాష్ట్రమున దొరకుట మాకెంతో సంతోషము కలిగించినది.

నాగపూరులో సున్నా మైలురాయిని, 1956 అక్టోబరు 14న అంబేడ్కరుగారు లక్షలాది జనముతో బౌద్ధము స్వీకరించిన దీక్షాభూమిని చూచితిమి. స్తూపము లోపల నెవరును బిగ్గఱగా మాటాడరు. మేము పోయినప్పుడు ఒక ముసలమ్మ నేలపై కూర్చుండి, మనుమరాలిచేత గోడమీది అక్షరములను కూడబలికించుచుండెను. ఈ నగరమున నాకు నిలిచిపోవు దృశ్యమదియే.

మధ్యాహ్నము రామటేకు. మన పాత యాత్రికులు రామటెంకి యని పిలిచినది యీ కొండయే. మేఘదూతములోని రామగిరి యిదియేయని విద్వాంసులు పలువురు నిర్ణయించిరి. ఆషాఢమేఘము లేదు, మార్గశిరపు ఎండ మాత్రమున్నది. కొండముచ్చులు ప్రాకారముపై బారులుతీరి కూర్చున్నవి. పైనుండి చూడగా క్రింద చెఱువులు, వరిమళ్లు, ఉత్తరమునకు నీలముగా సాత్పురా కొండల వరుస. ప్రియురాలికి వార్త పంపుటకు మబ్బుకంటె వేఱు దిక్కులేని ఒక యక్షుని కవి యీ కొండమీదనే ఏల నిలిపెనో, ఆ ఉత్తరదిశను చూచినప్పుడు నాకు బోధపడినది: ఇక్కడ నిలిచినవానికి పోవలసిన త్రోవ సమస్తము కన్నులకు కట్టును, కాళ్లు మాత్రము కదలవు. అన్నయ్యగారూ, ఆ క్షణమున నాకు మీరే జ్ఞప్తికి వచ్చితిరి.

సంత్రాలు ఇప్పుడు మంచి కాపు మీదనున్నవి. ఒక బుట్ట కొంటిమి, ఇంటివఱకు మిగులవు.

మూడవ జాబు
భేడాఘాటు, పౌర్ణమి

అన్నయ్యగారికి,

ఈ జాబు కొంచెము పొడవగును, ఓపికతో చదువుడు.

నాగపూరు దాటిన తరువాత పెంచ్ అడవి. కిప్లింగు తన అడవికథలకు నెలవుగా చేసికొన్న సివనీ ప్రాంతమిదియే. ఇచ్చట మన రహదారి స్తంభములపై లేచి, అడవికి త్రోవ విడిచి, పైన పోవుచున్నది. పులులు, దుప్పులు, అడవిదున్నలు వాహనముల క్రింద పడకుండ తమ దారిని తాము పోవుటకై తొమ్మిదిచోట్ల నిట్టి మార్గములు కట్టినారు. శబ్దము, వెలుతురు క్రిందికి పోకుండ నిరువైపుల తెరగోడలు కూడ పెట్టిరి. న్యాయస్థానములకెక్కి వాదించి సాధించిన కట్టడమిది. మనుష్యుడు తన బాటను వంచుకొని మృగమునకు బాట యిచ్చిన యీ చోటు, నా మట్టుకు, త్రోవలో చూచిన దేవాలయములలో నొకటి.

లఖ్నాదోను సమీపమున వెనుకచక్రము పంక్చరైనది. స్టెపినీ తీసితిమిగాని జాకీ జారుచుండెను. ధాబాకడ నిలిచిన ఒక లారీ డ్రైవరు తన జాకీ తెచ్చి, నన్ను ముట్టనీయక, పది నిమిషములలో చక్రము మార్చెను. డబ్బీయబోగా నమస్కరించి, “కాశీకి పోవుచున్నారు గదా, నా పేరు చెప్పి ఒక మునుక వేయుడు” అనెను. ఆ పేరు నా కాగితమున నున్నది.

జబ్బలుపురము చేరి, నర్మదను తిల్వారాఘాటున మొదట చూచితిమి. దానికి చేరువనే త్రిపురి, కలచురి రాజుల ప్రాచీన రాజధాని. 1939 మార్చిలో కాంగ్రెసు మహాసభ జరిగిన చోటును అదియే. మన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారిపై సుభాసుబాబు 1377కు 1580 ఓట్లతో గెలిచిన పిమ్మట జరిగిన సభ! అది యేబది రెండవ మహాసభ యగుటచే ఊరేగింపునకు 52 ఏనుగులను కట్టిరట. అధ్యక్షుడు మాత్రము జ్వరపీడితుడై స్ట్రెచరుపై సభకు వచ్చెను. పట్టాభిగారి యోటమి తన యోటమియేయని గాంధీజీ పలుకుటయు, కొలది వారములకే సుభాసుబాబు పదవి విడుచుటయు మీరెఱిగినవే. పందిళ్లు లేవు, ఏనుగులు లేవు; నది యున్నది, స్మారకమున్నది. అయితే పట్టాభిగారికథ యిచ్చటితో ముగియలేదు. తాము ఓడిన పిమ్మట ఆ సభకు రంగస్థలమైన యీ నేలకే, 1952లో మధ్యప్రదేశ రాజ్యపాలుడై వారు మరల వచ్చి, 1957 వఱకు నుండిరి. బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన మనిషి, పుస్తకము వ్రాసిన మనిషి, జైలులో నేండ్లు గడపిన మనిషి, నేడు జ్ఞాపకముండుట ఒక యోటమితోనేనా? ఇది మన తెలుగువారు చేయుచున్న అన్యాయమని నా అభిప్రాయము.

ఇంక భేడాఘాటు. ధువాంధారలో నర్మద ఒక్కపెట్టున కొండచఱియలోనికి దుమికి, పొగవలె లేచి, మనుష్యుల కండ్లద్దములను తడుపును. అది దాటగానే అంతటి నదియు పాలరాతికొండల నడుమ ఇఱుకున చిక్కి, గొంతు తగ్గించి, మెల్లగా పోవును. పగలు పడవలో పోయితిమి. పడవవాడు తెడ్డువేయుచు రాతికి రాతికి ఒక కథ, పాటవలె చెప్పుచు పోయెను. రాళ్లు తెలుపు మాత్రమే కావు. పసుపు, బూడిద, నీలము, గులాబి చాఱలు పడియున్నవి. కొండమీద చౌసఠ్ యోగిని గుడి, కలచురుల నాటి పని. వలయాకారముగ కూర్చున్న యోగినులలో పెక్కండ్ర ముఖములు ఛిన్నములైనను, కూర్చున్న ఠీవి చెడలేదు.

రాత్రి దత్తజయంతి వెన్నెలలో ఒడ్డున కూర్చుంటిమి. చంద్రుడు నెత్తిమీదికి వచ్చునప్పటికి ఎదుటి శిలలు లోపలనుండి వెలుగుచున్నట్లుండెను. మీ మరదలు చాలసేపటికి, “ఏమండీ, మన పెండ్లియై నలుబదియేండ్లైనది, ఇంతసేపు మాటాడక కూర్చుండుట ఇదియే మొదటిసారి” అనెను. అవును. ఇంటిలో నున్నప్పుడు పాలవాడు, కరెంటుబిల్లు, పిల్లల ఫోను, ఏదో యొకటి మాటకు పిలుచును. నేనేమియు బదులు చెప్పలేదు.

నాల్గవ జాబు
కాశి, మార్గశిర బహుళ పంచమి

పూజ్యులైన అన్నయ్యగారికిని, వదినగారికిని నమస్కారములు.

జబ్బలుపురము దాటి, థగ్గులను అణచిన స్లీమన్ పేరిట వెలసిన స్లీమనాబాదు మీదుగా కట్నీ, రీవా చేరితిమి. వీరాస్వామయ్యగారు ప్రయాణము చేసిన కాలమున బాటసారుల గొంతులకు ఉరిబిగించు ఆ ముఠాలు మధ్యదేశమున నింకను తిరుగుచుండెను. ఆ భయమునడుమ కూడ రాత్రి దీపముకడ కూర్చుండి, మిత్రునికి ఊళ్ల వివరములు వ్రాసిన ఆయన నిబ్బరమును తలచినప్పుడు, టోల్‌గేటుకడ అయిదు నిమిషములు నిలువవలసి వచ్చినందుకు కలిగిన మన విసుగునకు మనమే సిగ్గుపడవలెను. ప్రయాగలో త్రివేణికి పడవలో పోయి, మీ మరదలు వేణీదానము చేసినది. ఆ దినమే సాయంకాలమునకు కాశి.

ఇక్కడ తెలుగు వినబడుట వింతకాదు. కేదారఘాటు, మానససరోవర ప్రాంతమున అంగళ్లపై మన యక్షరములున్నవి. ఆంధ్రాశ్రమములో భోజనమునకు కూర్చున్న పంక్తిలో శ్రీకాకుళము, కడప, కరీంనగరు మాటల తీరులన్నియు ఒక్కసారిగా విన్నాము. పంచగంగాఘాటున త్రైలింగస్వామివారి మఠము. మన విజయనగర ప్రాంతమునుండి వచ్చి, 1887లో ఇక్కడనే సిద్ధిపొందిన మహాత్ముడు. కోనసీమ ముంగండ పండితుడైన జగన్నాథుడు గంగాలహరిని చెప్పగా గంగ మెట్టుమెట్టుగా పైకి వచ్చినదని ఘాటుమీది పడవవాడు హిందీలో మాకు చెప్పినాడు. ఆ కవి తెలుగువాడని మేము చెప్పగా, వాడు నమస్కరించెను.

విశ్వేశ్వరుని గుడి 1780లో అహల్యాబాయి కట్టించినది. చుట్టునున్న సందులు పోయి, 2021 డిసెంబరునుండి గంగవఱకు విశాలమైన ప్రాంగణము వచ్చినది. వృద్ధులకు సుఖమే. మీరు వచ్చినయెడల చక్రాలకుర్చీలో గర్భగుడి సమీపమువఱకు పోవచ్చును, విచారించి తెలిసికొన్నాను. అయినను ఆ సందులతో పోయిన పాత యిండ్లు, చిన్నగుళ్లు తలచుకొని కంట తడిపెట్టిన ఒక స్థానిక వృద్ధునితో గంటసేపు మాటాడితిని. ఆయన దుఃఖమును తేలికగా త్రోసివేయలేను.

మీ పేరు, గోత్రము చెప్పి ఒక మునుక, వదినగారి పేర ఒక మునుక, లారీ డ్రైవరు పేర ఒక మునుక వేసితిని. కాశిలో ఇష్టమైనది ఒకటి వదలవలెను గదా: మీ మరదలు సీతాఫలము వదలినది. నేను వంకాయ వదలితిని. వదినగారి గుత్తివంకాయ ఇక నాకు లేదు.

ఒక మనవి. శ్రీనివాసపిళ్లగారు ఆ జాబులను జాగ్రత్తపఱచి, మిత్రుడు గతించిన రెండేండ్లకు 1838లో అచ్చువేయించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు వివరణములతో మరల ప్రకటించిరి. అందువలననే నూఱేండ్లు దాటిన తరువాత మీరు మాకు మేడమీద చదివి వినిపింపగలిగితిరి. మా జాబులు అంతటివి కావని యెఱుగుదును. అయినను తేదీవరుసగా దారముకట్టి, ఆ పుస్తకము ప్రక్కనే బీరువాలో ఉంచుడు. ఈసారి చదువునప్పుడు నేను నిద్రపోను.

ఇక్కడ తొమ్మిది రాత్రులు నిద్రచేసి, పదవనాటి తెల్లవాఱుజామున బయలుదేరి, వచ్చిన బాటనే వచ్చెదము. గంగాజలపు చెంబులకు మూతలు మాటు వేయించి, మీ పట్టుపంచెలో చుట్టి, వెనుకసీటులో మీ చోటున పెట్టితిమి.