ఆశ వేరు, ఉత్సాహం వేరు: ఒక వర్తకుని మననం



కష్టకాలంలో వ్యాపారి ఆశావాదాన్ని విడువరాదని నేడు ప్రతివారూ ఉపదేశిస్తున్నారు. ఆ మాట చెవిని పడినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. మన శాస్త్రాలు ఆశను సద్గుణాల కోవలో చేర్చినట్లు కనబడదు. గీతలో పదహారవ అధ్యాయం ఆసురీ ప్రకృతిని వర్ణించేటప్పుడు ఆశను పాశంగానే, అదీ ఒకటి కాదు, వందల పాశాలుగా చెబుతుంది. ఆశ బంధమైతే, నష్టంలో మునిగిన వర్తకుడు దేనిని ఆధారం చేసుకొని మరునాడు దుకాణం తలుపు తీయాలి? సత్సంగాలలో చర్చించుకోవడానికి ఇది చక్కని ప్రశ్న. ఈ సంవత్సరం మాత్రం నాకు ఇది చర్చనీయాంశంగా మిగలలేదు.

మా నివాసం కామారెడ్డి, దుకాణం ఎల్లారెడ్డిలో. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్ముతాము. మా తండ్రిగారిది బెల్లం వర్తకం. కామారెడ్డి బెల్లానికి దూరప్రాంతాలలో పేరున్న రోజులవి. చెరకు తగ్గి వరి పెరిగిన కొద్దీ ఆ వ్యాపారం సన్నగిల్లి, మేము ఎరువులలోకి వచ్చాము.

2025 ఆగస్టు 27, వినాయక చవితి. ఇంట విఘ్నేశ్వరునికి పత్రి సమర్పిస్తున్న వేళకే ఆకాశం చిల్లుపడినట్లున్నది. రాజంపేట మండలంలో ఒక్క దినంలో 40 సెంటీమీటర్లకు మించి వర్షం కురిసింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు నీట మునిగాయి. 44వ జాతీయ రహదారి కోతకు గురై వాహనాలు నిలిచిపోయాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. లింగంపేట మండలంలో వంతెన దెబ్బతిని ఎల్లారెడ్డి దారి తెగింది. ఎల్లారెడ్డి ప్రాంతపు పొలాలకు నీరిచ్చే పోచారం జలాశయం 1922లో పూర్తయినది. శతాబ్ది దాటిన ఆ ఆనకట్ట మీదుగా ప్రవాహం దూకుతుంటే దిగువ గ్రామాలవారు ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. కట్ట నిలిచింది. ఆ రాళ్లు పేర్చిన అజ్ఞాత శిల్పులకు నేను ఆ రాత్రి మనసులో నమస్కరించాను.

నేను చుట్టుదారిన దుకాణం చేరేసరికి మూడు రోజులు గడిచాయి. ఊరి పల్లంలోని గోదాములో నడుములోతు నీరు నిలిచి తీసిన గుర్తు గోడ మీద కనబడుతున్నది. యూరియా లేదు, ఆ నెలలో తెలంగాణ అంతటా దానికి కొరత, రైతులు చెప్పులు వరుసలో పెట్టి కాచుకున్న కాలం, వచ్చిన సరుకు వచ్చిన నాడే అయిపోయేది. ఉన్నవి డీఏపీ, కాంప్లెక్సు బస్తాలు. కొంత కరిగింది, మిగిలినది రాయిలా గడ్డకట్టింది. విత్తన సంచులలో మొలకలు. సరుకు నష్టం నాలుగు లక్షలు. అంతకన్నా గుండెను నొక్కినది ఉద్దెర పద్దు. వానాకాలం కోతల మీద తీర్చే ఒప్పందంతో రైతులకు ఇచ్చిన బాకీ తొమ్మిది లక్షల చిల్లర. ఆ కోతలు ఉండవలసిన పొలాలలో ఇసుక మేటలు.

రెండు రోజులు ఇంటనే కూర్చున్నాను. మూడవ నాటి ఉదయం నా సహధర్మచారిణి కాఫీ అందిస్తూ, "దుకాణం తెరువుండ్రి. మూసుకొని కూసుంటే పోయిన సరుకు తిరిగొస్తదా?" అన్నది. అందులో ఓదార్పు లేదు, అంతా బాగవుతుందన్న హామీ కూడా లేదు. నేను బయలుదేరాను.

ఆ దినాలలో నిత్యపారాయణగా సుందరకాండ సాగుతున్నది. లంక అంతా గాలించి, రావణాంతఃపురం సైతం చూచి, సీతమ్మ కానరాక హనుమ ఆగిపోయిన ఘట్టం పన్నెండవ సర్గ. సంపదకు వేరు ఎక్కడున్నదని అక్కడ ఆయన తర్కించుకుంటాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు అనిర్వేదం. చాలమంది ప్రవచనకారులు ఇక్కడే ఆగుతారు. నేను మరుసటి సర్గను కూడ చదవమని ప్రార్థిస్తాను. అంత గొప్ప నిశ్చయం చేసుకొని మళ్ళీ వెదకిన తరువాత కూడ పదమూడవ సర్గలో ఆయనను దుఃఖం ముంచెత్తుతుంది. కిష్కింధకు తిరిగిపోరాదనీ, ప్రాణం విడువాలనీ అనిపిస్తుంది. బుద్ధిమంతులలో శ్రేష్ఠునికే నిశ్చయం ఒక్కసారితో నిలువలేదు. ఆ చీకటి నుండి ఆయనను లేవనెత్తినది సీత తప్పక దొరుకుతుందన్న నమ్మకం కాదని నాకు తోస్తుంది. ఇంకా వెదకని తోట ఒకటి కంటబడింది, అంతే. అది అశోకవనం.

భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయంలో సాత్త్వికకర్త లక్షణాలు చెప్పినప్పుడు భగవానుడు ధృతిని, ఉత్సాహాన్ని జంటగా చేర్చి, ఆ వెంటనే అతడు సిద్ధికీ అసిద్ధికీ చలించనివాడన్నాడు. ఫలం మీద చలనం లేనివానికి ఉత్సాహం ఎక్కడిది? ఇది పరస్పర విరుద్ధమని కొందరు విద్యావంతులు నాతో వాదించారు. విరుద్ధం ఆశకే. ఆశ రేపటి లాభం మీద వాలి ఉంటుంది. ఆ కొమ్మ విరిగితే అదీ పడిపోతుంది. ఉత్సాహం చేతిలోని పని మీద నిలుస్తుంది. అదే అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు లెక్కించి, ఐదవదిగా దైవాన్ని చెప్పింది. మేము వర్తకులం ఒక వింత చేస్తాము: నష్టం వచ్చిన ఏట దైవాన్ని లెక్కలోకి తెస్తాము, లాభం వచ్చిన ఏట దానిని మరచి అంతా మన తెలివికే జమకట్టుకుంటాము. చిట్టాలో ఇది ఏకపక్షపు పద్దు.

సెప్టెంబరులో ఒక వృద్ధ రైతు దుకాణానికి వచ్చాడు. నాకు డెబ్బైవేలు బాకీ. గడువు అడగడానికే వచ్చాడనుకున్నాను. బల్ల మీద కూర్చుని, "సేటు, పొలమే గాదు, గట్టు గూడ కనబడ్తలేదు," అన్నాడు.

"మరి ఏం జేస్తవు పెద్దయ్యా?"

"ఏం జేస్త? ఇసుక ఎత్తిపోస్త. గట్టు దొరికినంక మక్కలేస్త. ఇత్తనం ఉన్నదా?"

పంట పండుతుందని అతడనలేదు, పండదనీ అనలేదు. గీతాభాష్యాలు చదవని ఆ మనిషి వద్ద ధృతి, ఉత్సాహం రెండూ ఉన్నాయి. ఇసుక తట్ట ఆయన అశోకవనం.

ఇక నా పని మిగిలింది. ఇసుక మేటలు వేసిన రైతుకు మళ్ళీ ఉద్దెర ఇవ్వడం వివేకమా? సరుకు పంపే వ్యాపారి పాత చెక్కు గడువు గుర్తుచేస్తున్నాడు, బ్యాంకు వడ్డీ ఆగదు. ఇక్కడ నాకు మహాభారతపు శాంతిపర్వంలోని తులాధారుడు గుర్తుకు వచ్చాడు. జటలలో పక్షులు గూడు కట్టేంతటి నిశ్చల తపస్సు చేసిన జాజలి మహర్షి, ధర్మం తెలుసుకొనుటకు వారణాసిలో ఒక అంగడివాని వద్దకు వెళ్ళవలసి వచ్చింది. అందరికీ సమంగా నిలిచే త్రాసు ఆ వర్తకుని వ్రతం. దయతో త్రాసు ఒకవైపు ఒరిగినా, భయంతో మరొకవైపు ఒరిగినా అది త్రాసు కాదు. బాకీలన్నీ రద్దు చేస్తే నా దుకాణం మూతపడి, వచ్చే కారున ఆ రైతులకే సరుకు ఉండదు. ఒత్తిడి చేస్తే వారు భూమి అమ్ముకుంటారు.

ఒక్కొక్కరి పొలానికీ వెళ్ళి చూచాను. మెరక చేల వారిని సగం బాకీ తీర్చమన్నాను, కొందరు తీర్చారు. మేటలు వేసిన వారికి పాత బాకీపై మిత్తి ఆపి, యాసంగి విత్తనం మాత్రం ఉద్దెర ఇచ్చి, ఎరువు నగదుకే అన్నాను. కామారెడ్డిలోని ఒక చిన్న జాగా అమ్మి వ్యాపారి చెక్కు గడువులోగా తీర్చాను. ఇద్దరు రైతులు ఊరు విడిచి పనులకు పోయారు. వారి పద్దులు అట్లే ఉన్నాయి.

దీపావళి నాడు లక్ష్మీపూజ చేసి కొత్త ఖాతా పుస్తకం తెరిచాము. మొదటి పుటలో మా వంశాచారం ప్రకారం శుభం, ఆ తరువాత లాభం అని పసుపుకుంకుమలతో వ్రాశాము. ఆ క్రమాన్ని పూర్వులు ఊరికే పెట్టలేదని నాకు ఈ ఏడు అనిపించింది. రెండవ పుటలో మొదటి పద్దు ఆ వృద్ధునిదే: మక్క విత్తనం, రెండు సంచులు. గోదాములో ఈసారి బస్తాలను నేల మీద కాక మూడడుగుల ఎత్తు దిమ్మెల మీద పేర్పించాను. కార్తీకం ముగిసేలోగా అతని పొలంలో సగం గట్టు బయటపడిందట. మిగతా సగానికి ట్రాక్టరు కావాలని కబురు పంపాడు.